బుల్‌డాగ్స్ అభిమానులూ, మీరు మర్చిపోలేని మ్యాచ్ ఏది? (2016 ఫైనల్ చెప్పకూడదు!)

వెర్రిబీ_లైన్
సీజన్ అయిపోయింది, శనివారాలు ఏం చేయాలో తోచడం లేదు, అందుకే ఈ థ్రెడ్. మన మెల్‌బోర్న్ ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) క్లబ్ వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఆడిన మ్యాచ్‌ల్లో మీకు బాగా గుర్తుండిపోయింది ఏది? గ్రౌండ్‌లో చూసినా, టీవీలో చూసినా, కార్లో రేడియో విన్నా ఫర్వాలేదు, గెలిచిందే అవ్వాలని కూడా లేదు. షరతు ఒక్కటే, 2016 గ్రాండ్ ఫైనల్ చెప్పొద్దు. అది పెడితే అందరూ అదే రాసేసి పోతారు.

నాదైతే అదే ఏడాది సెమీ ఫైనల్. హాథార్న్ మీద, ఎంసీజీలో, శుక్రవారం రాత్రి. వాళ్లేమో 2013, 14, 15 వరసగా మూడు కప్పులు కొట్టి నాలుగోదానికి వచ్చారు, మనమేమో ఏడో స్థానంలో ఫైనల్స్‌లోకి (సీజన్ చివర జరిగే నాకౌట్ మ్యాచ్‌ల్లోకి) దూరాం. ఆఫీసులో హాథార్న్ వాళ్లు జాలిగా చూశారు, అదే ఎక్కువ మండింది. రెండో క్వార్టర్లో వాళ్లు ముందుకు వెళ్లగానే నా పక్కనున్న మా బావమరిది ఫోన్ తీసి ట్రైన్ టైమింగులు చూడటం మొదలుపెట్టాడు. మూడో క్వార్టర్ నుంచి మనవాళ్లు ఆడింది చూడాలి! గుంపు మధ్యలో ఇరుక్కున్న బంతిని అరచేతి మీద పెట్టి పిడికిలితో ఠకీమని పక్కవాడికి, వాడు ఇంకొకడికి, అలా నలుగురైదుగురి చేతులు మారి బయటికొచ్చేసరికి హాథార్న్ వాళ్లు ఇంకా మొదటివాడి మీదే పడుతున్నారు. 107–84. ఆ రాత్రి గ్రౌండ్‌లో ఎనభై ఏడు వేల పైచిలుకు జనం. మా ముందు వరసలో గోధుమ, పసుపు చారల స్కార్ఫ్ వేసుకున్న హాథార్న్ పెద్దాయన లేచి నిలబడి వెనక్కి తిరిగి మాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి మరీ వెళ్లాడు. బావమరిది తర్వాతి సోమవారమే మెంబర్‌షిప్ కట్టాడు.

ఎర్ర_తెలుపు_నీలం
షరతు అన్యాయం అన్నా. పెళ్లికి పిలిచి భోజనం తప్ప అన్నీ ఉన్నాయన్నట్టుంది. సరే, నాకు ఎలాగూ ఇబ్బంది లేదు, నా మ్యాచ్ ఆ గ్రాండ్ ఫైనల్ కంటే వారం ముందుది. సిడ్నీలో జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ క్లబ్) మీద ప్రిలిమినరీ ఫైనల్, అంటే గెలిస్తే గ్రాండ్ ఫైనల్‌కే. రాత్రికి రాస్తాను, ఇప్పుడు మీటింగ్.

పాతకాపు_సన్‌షైన్
మీరంతా నా తర్వాత వచ్చినవాళ్లు కాబట్టి సంతోషాలే రాస్తారు. నేను తొంభైల్లో మెల్‌బోర్న్ పడమటి పేట సన్‌షైన్‌లో దిగినవాణ్ణి, నాది 1997 ప్రిలిమినరీ ఫైనల్.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ క్లబ్ అసలు పేరు ఫుట్‌స్క్రే. 1925లో పెద్ద లీగ్‌లోకి వచ్చింది, 1954లో ఒక్క కప్పు గెలిచింది, 61లో మళ్లీ ఫైనల్‌కి వెళ్లి హాథార్న్ చేతిలో ఓడింది, ఆ తర్వాత అంతే. 1989లో డబ్బుల్లేవని ఫిట్జ్‌రాయ్ క్లబ్‌తో కలిపేస్తామంటే ఈ పడమటి పేటల జనమే వీధుల్లో డబ్బాలు పట్టుకుని చందాలు పోగేసి నిలబెట్టుకున్నారు. మా వీధిలో ఒక ఇటాలియన్ ఆయన ఉండేవాడు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, ఆ కథ నాకు కనీసం నెలకోసారి చెప్పేవాడు. నన్ను మొదటిసారి గ్రౌండ్‌కి తీసుకెళ్లింది కూడా ఆయనే. అప్పటికి నాకు ఈ ఆటలో ఎవడు ఎవణ్ణి ఎందుకు పట్టుకుని కిందపడేస్తున్నాడో కూడా అర్థమయ్యేది కాదు.

97లో పేరు వెస్టర్న్ బుల్‌డాగ్స్ అయింది. ఆ ఏడాదే ఎంసీజీలో అడిలైడ్ మీద ప్రిలిమినరీ. హాఫ్ టైమ్‌కి మనం 31 పాయింట్లు ముందున్నాం. చివరి క్వార్టర్లో మన టోనీ లిబరటోరే ఒక షాట్ కొట్టాడు, గోలే అనుకుని చేతులు పైకెత్తి గంతులేశాడు, మేమూ గంతులేశాం, మా ఇటాలియన్ ఆయన నా మెడ పట్టుకుని ఊపేశాడు. గోల్ అంపైర్ మాత్రం ఒక వేలే చూపించాడు. బిహైండ్. ఆరు రావాల్సింది ఒకటి వచ్చింది. తర్వాత అడిలైడ్ ఆటగాడు డారెన్ జార్మన్ తగులుకున్నాడు, 93–91తో పోయింది. రెండే రెండు పాయింట్లు! నోటికాడి కూడు లాగేసుకున్నట్టయింది. అప్పట్లో వీడియో రివ్యూలు ఎక్కడివి, ఈనాటికీ ఫుట్‌స్క్రేలో ఎవరినైనా కదిపితే అది గోలే అంటారు. తిరుగు ట్రైన్‌లో మా పెట్టెలో ఎవరూ మాట్లాడలేదు, ఒక్క పిల్లాడు మాత్రం వాళ్ల నాన్నను వచ్చే వారం మ్యాచ్ ఎప్పుడని అడుగుతున్నాడు.

కొత్తగా_దిగాను
అందరికీ నమస్కారం. నేను ఈ మధ్యే మాస్టర్స్‌కి వచ్చాను, టార్నీట్‌లో ఉంటున్నాను. రూమ్మేట్లు మ్యాచ్‌లు పెడుతుంటే చూస్తున్నా గానీ స్కోరు అసలు అర్థం కావట్లేదు. 13.11 అంటే ఏంటండీ, ఓవర్లా?

వెర్రిబీ_లైన్
హహ, అందరం అక్కడే మొదలయ్యాం తమ్ముడూ. మొత్తం నాలుగు స్తంభాలుంటాయి కదా, పొడుగ్గా ఉండే మధ్య రెండింటి మధ్యలోంచి కాలితో కొడితే గోల్, ఆరు పాయింట్లు. పొడుగు స్తంభానికీ దాని పక్కనున్న పొట్టిదానికీ మధ్యలో పోయినా, పొడుగు స్తంభానికి తగిలినా, ఎవరి చెయ్యన్నా తగిలి లోపలికి వెళ్లినా బిహైండ్, ఒక్క పాయింటే. 13.11 అంటే 13 గోల్స్, 11 బిహైండ్‌లు, అంటే 78కి 11 కలిపి 89. టీమ్‌కి 18 మంది గ్రౌండ్‌లో ఉంటారు, నాలుగు క్వార్టర్లు. ఆఫ్‌సైడ్ గొడవ లేదు, అందుకే ఎవడు ఎక్కడైనా ఉంటాడు. మిగతాది చూస్తూ ఉంటే అదే వస్తుంది.

మ్యాగ్‌పై_మామ
పిల్లాణ్ణి ఇప్పుడే చెడగొట్టకండయ్యా. బాబూ, కాలింగ్‌వుడ్ అని ఒక క్లబ్ ఉంది, నలుపు తెలుపు, అసలైన ఫుటీ అక్కడ చూడు.

పాతకాపు_సన్‌షైన్
వచ్చాడండీ. ఏ థ్రెడ్ పెట్టినా వాసన పట్టేస్తాడు.

ఎర్ర_తెలుపు_నీలం
మీటింగ్ అయింది, పిల్లలు పడుకున్నారు, ఇప్పుడు రాస్తా.

హాథార్న్‌ను కొట్టిన రాత్రే మా వాట్సాప్ గ్రూపులో ఒకడు సిడ్నీ పోదామా అన్నాడు. ఫ్లైట్ టికెట్లు చూస్తే కళ్లు తిరిగాయి. సరే కారేసుకుందాం అని శుక్రవారం ఆఫీసు అవ్వగానే హాపర్స్ క్రాసింగ్‌లో బయల్దేరాం, నలుగురం, డిక్కీలో పులిహోర డబ్బా, పెరుగన్నం, మా ఆవిడ పెట్టిన చెక్కలు. సిడ్నీ వెళ్లే హ్యూమ్ హైవే మీద ఆ రాత్రి నేను చూసింది ఇంకెప్పుడూ చూడలేదు. ఏ పెట్రోల్ బంకులో ఆగినా మనవాళ్లే. అద్దాల్లోంచి స్కార్ఫులు వేలాడేసిన పాత కమోడోర్ కార్లు, పిల్లల్ని వేసుకొచ్చిన వ్యాన్లు, డెబ్భై దాటిన ముసలమ్మలతో నిండిన బస్సులు. గండగాయ్ దగ్గర ఒక బంకులో కాఫీ కోసం నిలబడితే, ముందున్న పెద్దావిడ నా స్కార్ఫ్ చూసి, ఎక్కణ్ణుంచి బాబూ అంది. హాపర్స్ అన్నాను. ఆవిడది కూడా మన పడమటి పేటల్లోదే, బ్రేబ్రుక్ అట. అంతే, ఇండియాలో ఏ ఊరు అని అడగలేదు. నాకది ఎందుకో చాలా నచ్చింది.

తెల్లారేసరికి వెంట్‌వర్త్‌విల్‌లో మా కజిన్ ఇంట్లో దిగి రెండు గంటలు నడుం వాల్చి గ్రౌండ్‌కి పోయాం. చిన్న గ్రౌండ్ అది, ఇరవై ఒక్క వేల చిల్లర జనం, అందులో సగం మనమే ఉన్నామని నా నమ్మకం. ఇక ఆట గురించి ఏం చెప్పాలి. వాళ్ల టీమ్‌లో మనల్ని వదిలేసి వెళ్లిన రయన్ గ్రిఫెన్, క్యాలన్ వార్డ్. మన దగ్గర క్లే స్మిత్. మోకాలు మూడుసార్లు పోయి మూడుసార్లూ తిరిగొచ్చినవాడు, ఆ రోజు నాలుగు గోల్స్ కొట్టాడు. చివరి క్వార్టర్లో వెనకబడ్డాం, నా పక్కనోడు కూర్చోలేక మెట్ల మీదికి పోయి నిలబడ్డాడు, ఇక అక్కడే ఉండమన్నాం, వచ్చి కూర్చుంటే గోల్ పడుతుందేమోనని భయం. చివరి నిమిషాల్లో జాక్ మెక్రే గోల్ కొట్టి ముందుకు తెచ్చాడు. ఆ తర్వాత గడియారం ఇరుక్కుపోయిందా అనిపించింది. ఈ ఆటలో పెద్ద టెన్షన్ అదే, గ్రౌండ్‌లో ఉన్నవాడికి ఎంత టైమ్ మిగిలిందో తెలియదు, సైరన్ ఎప్పుడు మోగితే అప్పుడే. 89–83.

సైరన్ మోగాక నా చుట్టూ యాభై, అరవై ఏళ్ల మగవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. కప్పు గెలిచి కాదండోయ్, ఫైనల్‌కి వెళ్తున్నందుకు. 1961 తర్వాత మొదటిసారి. దానికి ముందు వరసగా ఏడు ప్రిలిమినరీ ఫైనల్స్ ఓడిన క్లబ్ మనది. అందుకే అంటా, 2016లో అసలు మ్యాచ్ ఇది, ఆ తర్వాతి వారం జరిగింది పండగ.

వెర్రిబీ_లైన్
బ్రేబ్రుక్ పెద్దావిడ దగ్గర ఆగిపోయాను అన్నా. ఇక్కడ ఎవరడిగినా మనం ముందు పేట పేరు చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టామో మనకే తెలియదు.

స్వాన్స్_సుబ్బడు
మా సిడ్నీ స్వాన్స్ మీకు ఓడిన ఆ 2016 ఫైనల్ మాట ఎత్తారు కాబట్టి ఒకే ఒక్క లెక్క చెప్పి పోతాను. ఫ్రీ కిక్‌లు (ఎదుటివాళ్ల తప్పుకి అంపైర్ ఇచ్చేవి): బుల్‌డాగ్స్ 20, సిడ్నీ 8. ధన్యవాదాలు.

ఎర్ర_తెలుపు_నీలం
ఫైనల్ మాట ఎత్తొద్దన్నది రూలు. అయినా ఫ్రీ కిక్కులు గోల్స్ అయితే కదా, 13.11కి 10.7, 22 పాయింట్ల తేడా.

స్వాన్స్_సుబ్బడు
మా హానెబెరీ మోకాలు పోయినప్పుడు విజిల్ ఎందుకు మోగలేదో కూడా చెప్పు మరి. నేను ఆ రోజు గ్రౌండ్‌లో ఉన్నాను, నా కళ్లతో చూశాను. మీ ఈస్టన్ వుడ్ కిందికి జారుకుంటూ వచ్చాడు.

పాతకాపు_సన్‌షైన్
బంతి కోసం వెళ్లాడయ్యా బాబూ.

స్వాన్స్_సుబ్బడు
అందరూ బంతి కోసమే వెళ్తారు బాబాయ్ గారూ. సరే వదిలేస్తున్నా, మీ థ్రెడ్ పాడు చేయను. నా మ్యాచ్ కూడా చెప్పనిస్తే చెప్తా: 2005 ఫైనల్, వెస్ట్ కోస్ట్ మీద 58–54. చివరి క్షణంలో బంతి మా గోల్ ముందు గాల్లో ఉంది, అటు ఇటు ఇద్దరు ముగ్గురు ఎగిరారు, లియో బ్యారీ మధ్యలోంచి దూరి రెండు చేతులా పట్టేశాడు, సైరన్. 72 ఏళ్ల తర్వాత కప్పు. అప్పుడు నేను కొత్తగా సిడ్నీలో దిగాను, పబ్‌లో పక్కనున్న ఎవరో నన్ను పైకెత్తేశారు. ఆ తర్వాత 2012లో హాథార్న్‌ను కొట్టినప్పుడు గ్రౌండ్‌లోనే ఉన్నా, అయినా ఆ పబ్బే గుర్తు.

మ్యాగ్‌పై_మామ
2022లో 81 పాయింట్లు, 2024లో 60 పాయింట్లు తేడాతో ఓడిన ఫైనల్స్ కూడా గుర్తున్నాయా సుబ్బడూ?

స్వాన్స్_సుబ్బడు
మామా, అది పుండు మీద కారం. వెళ్లొస్తా.

నైట్‌డ్యూటీ_నర్సు
ఇంతసేపూ చదివి నవ్వుకుంటున్నా, నాదీ రాస్తా. 2016 ఫైనల్స్‌లోనే, మొదటి మ్యాచ్, పెర్త్‌లో వెస్ట్ కోస్ట్ మీద ఎలిమినేషన్ ఫైనల్, ఓడితే ఇంటికే. గురువారం రాత్రి. మన దగ్గర ఎవరూ గెలుస్తామనుకోలేదు, వెస్ట్ కోస్ట్ ముందు ఏడాది ఫైనల్ ఆడిన టీమ్, పైగా వాళ్ల సొంతూరు. నాకు అప్పటికి ఇవేవీ తెలియవనుకోండి.

నేను నైట్‌లో ఉన్నా. వార్డులో తుంటి ఆపరేషన్ అయిన ఒక తాతగారు, నిద్ర మాత్ర ఇస్తే వేసుకోనంటాడు. దుప్పటి కింద చిన్న రేడియో, చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్. పెర్త్ టైమ్ మనకంటే రెండు గంటలు వెనక కదా, అందుకని ఇక్కడ పదిన్నర దాటినా మ్యాచ్ నడుస్తూనే ఉంది. బీపీ చూద్దామని వెళ్తే 170 ఉంది! ఏంటి తాతా ఇది అంటే, సిస్టర్, క్వార్టర్ అయ్యాక మళ్లీ చూడు అంటాడు. డాక్టర్‌కి ఏమని రాయాలి నేను? పక్క బెడ్ ఆయనకి వినబడకుండా గుసగుసగా స్కోరు చెప్తున్నాడు నాకు, ప్రతి గోల్‌కీ నా చెయ్యి మీద వేలితో ఆరు కొడుతున్నాడు. అలా నేర్చుకున్నా గోల్‌కి ఆరని! 99–52, 47 పాయింట్ల తేడాతో గెలిచారు. 1954లో కప్పు వచ్చినప్పుడు తను బడికెళ్లే పిల్లాడట, మళ్లీ చూస్తానో లేదో అన్నాడు. చూశాడు లెండి, ఫైనల్ నాటికి ఇంటికెళ్లిపోయాడు, వాకర్‌తో తిరుగుతున్నాడని వాళ్లమ్మాయి తర్వాత చాక్లెట్లు ఇవ్వడానికి వచ్చినప్పుడు చెప్పింది. మా నెల్లూరు ఇంట్లో నాన్న క్రికెట్ చూస్తుంటే ఛానల్ మార్చమని పోట్లాడిన దాన్ని, నేను ఇప్పుడు రోస్టర్ వేసే ముందు ఫిక్స్‌చర్ (మ్యాచ్‌ల తేదీలు) చూసుకుంటున్నా.

వెర్రిబీ_లైన్
అక్కా, చెయ్యి మీద ఆరు కొట్టడం అదిరింది. ఇంతవరకు ఈ థ్రెడ్‌కి ఇదే నంబర్ వన్.

ట్రుగనీనా_అమ్మ
అందరూ మగవాళ్ల మ్యాచ్‌లే రాస్తున్నారు. ఈ క్లబ్‌కి ఈ మధ్య వచ్చిన కప్పు ఏదో గుర్తుందా ఎవరికైనా? 2018 మార్చి, మహిళల ఫైనల్, బ్రిస్బేన్ మీద, కార్ల్‌టన్‌లోని ఐకాన్ పార్కులో. మా అమ్మాయి అప్పుడే ఆస్‌కిక్‌లో (పిల్లలకి ఫుటీ నేర్పేది) చేరింది. వాళ్ల కోచ్ వెళ్దాం రమ్మంటే వెళ్లాం, లేకపోతే ఆ వానలో నేను గడప దాటేదాన్ని కాదు.

వాన అంటే మామూలు వాన కాదు. బంతి సబ్బులా జారిపోతోంది, ఒక్కరి చేతిలోనూ నిలవడం లేదు, గ్రౌండంతా బురద. కెప్టెన్ కేటీ బ్రెనన్‌కి సస్పెన్షన్, ఫైనల్ ఆడనివ్వలేదు, పాపం పక్కన కూర్చుని చూడాల్సి వచ్చింది. ఎలీ బ్లాక్‌బర్న్ జట్టును నడిపింది. మొనీక్ కాంటీ అని పద్దెనిమిదేళ్ల పిల్ల, అసలు బాస్కెట్‌బాల్ కూడా ఆడేది, ఆ బురదలో కూడా ఎక్కడికక్కడ తప్పించుకుని పోతుంటే మా అమ్మాయి ప్లాస్టిక్ కోటు కూడా విసిరేసి కేకలు. స్కోరు 27–21. మగవాళ్ల ఆట చూసినవాళ్లకి ఇదేం స్కోరు అనిపిస్తుంది, ఆ వానలో నిలబడి చూసినవాళ్లకి తెలుస్తుంది ఒక్కో గోల్ ఎంత కష్టమో. మా అమ్మాయికి మర్నాడు జ్వరం, మా అత్తగారు ఫోన్‌లో నన్ను కడిగేశారు. అమ్మాయి ఇప్పుడు అండర్-16 ఆడుతోంది, మిడ్‌ఫీల్డ్. అత్తగారే ఇప్పుడు వీడియో కాల్‌లో స్కోరు అడుగుతారు.

ఎర్ర_తెలుపు_నీలం
నిజమే అక్కా, చివరి కప్పు ఆడపిల్లలదే. మేము మర్చిపోయేది సరిగ్గా అదే.

పాతకాపు_సన్‌షైన్
అమ్మా, అమ్మాయి ఏ క్లబ్‌కి ఆడుతుందో చెప్పకు, ఇక్కడ మ్యాగ్‌పైలు తిరుగుతున్నాయి.

నా రెండోది కూడా రాసేస్తా, ఓడిన మ్యాచ్‌తో వదిలేస్తే నన్ను ఏడుపుగొట్టు అనుకుంటారు. 2000లో ఎసెండన్ మీద. ఆ ఏడాది ఎసెండన్ అంటే భయం, ఆడిన 20 మ్యాచ్‌లూ గెలిచారు. 21వది మనతో, అప్పుడే కొత్తగా కట్టిన డాక్‌లాండ్స్ స్టేడియంలో. మన కోచ్ టెరీ వాలెస్ ఏం చేశాడంటే, మన మనుషులందర్నీ తీసుకెళ్లి ఎసెండన్ గోల్ కొట్టే వైపు కుప్పపోశాడు. వాళ్ల ఫార్వర్డ్‌లకి పరిగెత్తడానికి జాగా లేదు, బంతి ఎక్కడ వేసినా అక్కడ ముగ్గురు మనవాళ్లు. చూడటానికి అందంగా ఉందా అంటే లేదు. మా ఇటాలియన్ ఆయనే మొదట్లో ఇదేం ఆట అని తిట్టాడు, క్రిస్ గ్రాంట్ చివర్లో గోల్ కొట్టాక మాట మార్చాడు. 11 పాయింట్లతో గెలిచాం. ఎసెండన్ ఆ ఏడాది కప్పు కొట్టింది, మొత్తం సీజన్‌లో ఓడిందల్లా ఆ ఒక్కటే. ఎసెండన్ వాళ్లు ఎవరైనా మీ దగ్గర ఆ టీమ్ గురించి గొప్పలు పోతే నెమ్మదిగా 21వ రౌండ్ అనండి చాలు.

లాక్‌డౌన్_లక్ష్మణ్
నేను చెప్పేది ఎవరికీ ఇష్టం ఉండదు గానీ మర్చిపోలేనిది అన్నారు కదా. 2021 గ్రాండ్ ఫైనల్. 2016 వద్దన్నారు, 2021 వద్దనలేదు.

వెర్రిబీ_లైన్
అయ్యో వద్దు అన్నా.

లాక్‌డౌన్_లక్ష్మణ్
రాస్తా. మెల్‌బోర్న్ మొత్తం లాక్‌డౌన్‌లో ఉంది, ఫైనల్‌ని పెర్త్‌కి పట్టుకుపోయారు. అసలు అక్కడిదాకా ఎలా వెళ్లామో చూడండి. లాన్సెస్టన్‌లో ఎసెండన్‌ను కొట్టాం, గాబాలో బ్రిస్బేన్‌ను 79–78తో, ఒక్క పాయింట్! మన వాండర్‌మీర్ కొట్టిన బిహైండ్ మీద గెలిచాం, గోల్ కూడా కాదు. తర్వాత అడిలైడ్‌లో పోర్ట్ అడిలైడ్‌ను వాళ్ల గ్రౌండ్‌లోనే 71 పాయింట్లతో ఉతికాం. ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఆడిన టీమ్, ఇంటిమొహం చూడలేదు.

ఫైనల్ రోజు ఇంటికి ఎవరినీ పిలవకూడదు కాబట్టి మేము నలుగురు స్నేహితులం వీడియో కాల్ పెట్టుకుని ఎవరి టీవీ వాళ్లం చూశాం. ఒకడి నెట్ మాకంటే ముప్పై సెకన్లు ముందు, వాడు అరిచాడంటే గోల్ అని మాకు ముందే తెలిసిపోయేది, మ్యూట్‌లో పెట్టుకోరా అని తిట్టాం. మూడో క్వార్టర్లో మన బాంటెంపెల్లి తన మూడో గోల్ కొట్టాడు, 19 పాయింట్లు ముందున్నాం. మా ఆవిడ ఫ్రిజ్‌లోంచి గులాబ్ జామూన్లు తీసి వేడి చేయడానికి పెట్టింది.

అక్కణ్ణుంచి మెల్‌బోర్న్ వాళ్లు 100 పాయింట్లు కొట్టారు, మనం 7. అవును, ఏడు. 140–66. మ్యూట్‌లో ఉన్నవాడి మొహం చూస్తే చాలు, ముప్పై సెకన్ల ముందే మాకు అర్థమైపోయేది. చివరికి ఒకడు మాట్లాడకుండా కాల్ కట్ చేశాడు, ఇంకొకడు చేశాడు. జామూన్లు మైక్రోవేవ్‌లోనే ఉండిపోయాయి. మెల్‌బోర్న్ వాళ్లకి 57 ఏళ్ల తర్వాత వచ్చిన కప్పు అది, మన 62 ఏళ్ల బాధ తెలిసినవాళ్లం కాబట్టి వాళ్లని తిట్టడానికి కూడా నోరు రాలేదు. తిట్టా అనుకోండి, తర్వాత.

మ్యాగ్‌పై_మామ
ఇది విన్నాక నేను కూడా ఒకటి చెప్పాలి, ఈసారి వెక్కిరింపు కాదు. 2018 ఫైనల్, వెస్ట్ కోస్ట్ మీద. మొదటి క్వార్టర్లో మేం వరసగా ఐదు గోల్స్, అయిపోయిందనుకున్నా. ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా వాళ్ల డామ్ షీడ్ బౌండరీ గీత దగ్గర నిలబడి, స్తంభాల మధ్య సందు కూడా సరిగ్గా కనిపించని కోణం నుంచి కొట్టాడు, నేరుగా మధ్యలోంచి వెళ్లింది. ఐదు పాయింట్లతో పోయింది. నేను అటువైపే కూర్చున్నా, బంతి అతని కాలి నుంచి లేవగానే తెలిసిపోయింది. 2023లో బ్రిస్బేన్‌ను నాలుగు పాయింట్లతో కొట్టి కప్పు తెచ్చుకున్నాక కూడా ఆ కోణం నాకు కళ్లముందు నుంచి పోలేదు.

ఇంకో సంగతి, మీ 2016 ఫైనల్లో మూడు గోల్స్ కొట్టిన లియం పికెన్ ఎవరనుకున్నారు? మా బిల్లీ పికెన్ కొడుకు. బిల్లీ మాకు ఎన్ని ఫైనల్స్ ఆడినా కప్పు ముట్టుకోలేదు, కొడుకు మీ దగ్గరికొచ్చి ముట్టుకున్నాడు. ఆ రోజు నేను మీకే కేకలేశా, ఎవరికీ చెప్పకండి.

పాతకాపు_సన్‌షైన్
మామా, ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

తండ్రీ కొడుకుల మాట వచ్చింది కాబట్టి, 97లో గోలనుకుని గంతులేసిన టోనీ లిబరటోరే కొడుకు టామ్ 2016 టీమ్‌లో ఉన్నాడు. రూలు దాటుతున్నా, క్షమించండి, ఒక్క ముక్కే. ఫైనల్ అయ్యాక స్టేజి మీద కోచ్ ల్యూక్ బెవరిడ్జ్‌కి మెడల్ వేశారు. ఆయన వెంటనే బాబ్ మర్ఫీని పైకి పిలిచాడు. అసలు కెప్టెన్ అతను, మూడో రౌండ్లో మోకాలు పోయి సీజన్ అంతా బయట కూర్చున్నాడు. బెవరిడ్జ్ తన మెడలోది తీసి అతని మెడలో వేశాడు. మర్ఫీ తర్వాత దాన్ని తన దగ్గర ఉంచుకోకుండా క్లబ్‌కే ఇచ్చేశాడు.

వెర్రిబీ_లైన్
ఇక రూలు ఎత్తేశాం లెండి, ఎలాగూ ఆగరు.

నైట్‌డ్యూటీ_నర్సు
హమ్మయ్య. అయితే మన డేల్ మోరిస్ గురించి కూడా రాస్తా. వెన్నుపూస విరిగి ఆ ఫైనల్స్ ఆడాడని తర్వాత తెలిసింది. మా వార్డులో అలాంటివాళ్లని మంచం దిగనివ్వం! ఆయన చివరి క్వార్టర్లో పరిగెత్తుకొచ్చి సిడ్నీ ఆటగాడు బడ్డీ ఫ్రాంక్లిన్‌ను పట్టుకుని పడేశాడు, బంతి జారింది, మన టామ్ బాయ్డ్ తీసుకుని ఎక్కణ్ణుంచో కొట్టాడు, అది నేల మీద దొర్లుకుంటూ దొర్లుకుంటూ లోపలికి పోయింది. దానికి ముందే మన జొహనిసన్ గోల్‌ని రివ్యూ చేసి ఎవరి వేలో తగిలిందని కొట్టేశారు కదా, అందుకని బాయ్డ్‌ది కూడా ఒప్పుకుంటారో లేదోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

ట్రుగనీనా_అమ్మ
ఆ రోజు నవరాత్రి మొదటి రోజు, అక్టోబర్ 1. మా ఇంట్లో పొద్దున్నే కలశం పెట్టాం, మధ్యాహ్నం మ్యాచ్. పూజకొచ్చిన వాళ్లంతా ప్రసాదం ప్లేట్లతో టీవీ ముందే. పూజ చేయించిన పంతులుగారు వేరే ఇంటికి వెళ్లాలని కూడా మర్చిపోయి మూడో క్వార్టర్ దాకా కూర్చున్నారు, చివరికి ఎవరో ఫోన్ చేస్తే లేచారు, కార్లో రేడియో పెట్టుకుంటానని స్టేషన్ నంబర్ అడిగి మరీ వెళ్లారు.

బల్లారట్_చలి
ఆలస్యంగా వచ్చా. నాది చిన్నది. 2017 ఆగస్టు, మన టీమ్ బల్లారట్‌లో ఆడిన మొదటి లీగ్ మ్యాచ్, పోర్ట్ అడిలైడ్ మీద. ఓడిపోయాం. నేను ఈ ఊళ్లో ఉంటున్న కొద్దిమంది తెలుగువాళ్లలో ఒకణ్ణి, మా ఊరికి పెద్ద టీమ్ రావడమే గొప్ప, అందుకని గుర్తు. చలి మాత్రం చెప్పలేను. ఫ్లాస్కులో తెచ్చిన టీ కప్పులో పోసేలోపు చల్లారింది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన మిత్రుడొకడు స్వెట్టర్ లేకుండా వచ్చి, చివరికి క్లబ్ దుకాణంలో బీనీ, స్కార్ఫ్, జాకెట్ అన్నీ కొన్నాడు. అభిమాని అవ్వలేదు గానీ చూడటానికి పక్కా అభిమానిలా ఉన్నాడు.

కొత్తగా_దిగాను
అన్నలూ, అక్కలూ, మొత్తం చదివాను. క్లాస్‌లో ఉండి చదివాను అనుకోండి. వచ్చే సీజన్‌లో మొదటి మ్యాచ్‌కి వెళ్లాలంటే ఎలా? స్టూడెంట్‌కి టికెట్ ఎక్కువ అవుతుందా?

వెర్రిబీ_లైన్
కన్సెషన్ టికెట్ ఉంటుంది తమ్ముడూ, స్టూడెంట్ కార్డు దగ్గర పెట్టుకో. టార్నీట్ నుంచి వి-లైన్ (V/Line) ట్రైన్ ఎక్కితే సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగడం, వంతెన దాటితే డాక్‌లాండ్స్ స్టేడియం. లోపల మీట్ పై, చిప్స్ ధరలు చూసి బెంబేలెత్తకు, తినడానికి ఇంటి నుంచి తెచ్చుకో. గోల్ వెనక వైపు కూర్చో, మొదటిసారి చూసేవాళ్లకి బంతి మీదికొస్తుంటే బాగుంటుంది.

ఎర్ర_తెలుపు_నీలం
నాతో రా, మా కార్లో ఒక సీటుంది. పులిహోర ఉంటుంది.

మ్యాగ్‌పై_మామ
నలుపు తెలుపు స్కార్ఫ్ ఒకటి నా దగ్గర ఎక్స్‌ట్రా ఉంది బాబూ, ఉచితం.

కొత్తగా_దిగాను
మామ గారూ, థ్యాంక్స్ అండీ, పులిహోర వైపే వెళ్తున్నా.